నక్కు (క్రియ)

తెలుగు అకర్మక క్రియ. ఒళ్ళు ముడుచుకొని ఎవరి కంటా పడకుండా దాగి ఉండడం ప్రధానార్థం. 'గోడ చాటున నక్కాడు' అన్నప్పుడు కదలిక లేదు. రెట్టించి 'నక్కి నక్కి' అంటే మాత్రం అందులోకి నడక వస్తుంది: వంగి, ఆగి, చుట్టూ చూసుకొని, మళ్ళీ ముందుకు సాగడం. ఈ క్రియ అందమంతా ఈ ప్రయోగంలోనే ఉంది.

దగ్గరి మాటలు పొంచు, మాటువేయు, ఒదుగు, జారుకొను. ఒకదాని చోట ఇంకొకటి వాడితే అర్థం చెడుతుంది. పొంచినవాడి కన్ను ఎర మీద ఉంటుంది. నక్కినవాడికి తన్ను తాను దాచుకోవడమే పని. అందుకే పిల్లి పిట్ట కోసం పొంచుతుంది, కుక్కను చూస్తే మంచం కింద నక్కుతుంది. పత్రికలు రాసే 'పొంచి ఉన్న ముప్పు' ఈ వేట అర్థం నుంచి వచ్చిందే. మాటువేయడంలో ముందస్తు పన్నాగం, ఓపికగా కాచుకోవడం ఉంటాయి. ఒదగడానికి చాటు అక్కర్లేదు, వినయంతోనూ ఒదుగుతారు. జారుకోవడమంటే చప్పుడు లేకుండా తప్పుకోవడం.

పాకు, దేకు అనేవి నేలనానుకొని కదలడాన్ని చెబుతాయి గాని గుట్టును చెప్పవు; గుట్టు కావాలంటే 'పిల్లిలా', 'దొంగచాటుగా' వంటి మాటలు తోడు చేర్చాలి.