రాజరహస్యము - ప్రజాగోప్యము

ఒకరికి వచ్చిన జాబును మఱియొకరు విప్పి చదువుట తగనిపని యని నేడు చదువుకొన్నవారెల్లరు నొప్పుకొందురు. ఒకప్పు డట్లు గాదు. పుట్టింటినుండి కోడలికి వచ్చిన యుత్తరమును పెద్దలు ముందుగా చదివి, పిమ్మట నామె చేతికిచ్చుట పెక్కిండ్లలో తప్పుగా నెంచబడలేదు. జాబు విప్పబడినదని కోడలికి తెలుపగలవారు ఆ యింటివారే: చూచిన ఆడుబిడ్డయో, జాబు తెచ్చిన మఱదియో. ఆ మాట చెప్పిన ఆడుబిడ్డ పిమ్మట ఆ యింట నెన్ని మాటలు పడవలసివచ్చునో చదువరు లూహింపగలరు. ప్రభుత్వమే ప్రజల జాబులు విప్పునప్పుడు సంగతి యింతకంటె భిన్నము గాదు. చూచినవాడు లోపలివాడే, చెప్పవలసినవాడును వాడే, చెప్పినపిదప శిక్షింపగలవారి చేతులలో చిక్కియుండువాడును వాడే.

ఇట్టివానిని ఇంగ్లీషున విజిల్ బ్లోయ రందురు. మన పత్రికలలో కొన్ని ప్రజావేగు అని వాడుచున్నవి. మాట బాగున్నది. వేగువాడు ప్రజల గుట్టును రాజునకు మోయువాడు. ప్రజావేగు ప్రభుత్వపు గుట్టును ప్రజలకు తెలుపువాడు.

మన పూర్వులకు ఈ విషయము కొత్తది గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రెండవ యధికరణమునందు, ఉద్యోగులు రాజధనము నపహరించు నలువది విధములను లెక్కించి, ఆ యపహరణమును తెలిపి నిరూపించిన సూచకునకు ఆ ధనమున నాఱవ భాగమును, అతడు కొలువులోని భృతకుడైనచో పండ్రెండవ భాగమును ఇయ్యవలయునని విధించెను. నిరూపింపలేనివానికి దండనమును చెప్పెను. అయితే ఈ సూచకుడు కాపాడునది రాజు బొక్కసమును. రాజే ప్రజల సొత్తును ముట్టుకొన్నప్పుడు ఆ మాట చెప్పువానికి అందు భాగమును లేదు, రక్షణమును లేదు. ఈ రెండవ సూచకుని చరిత్రమునే యిచట సంగ్రహముగా చెప్పదలచితిని.

అమెరికావారు ఇంగ్లండుతో స్వాతంత్ర్యయుద్ధము చేయుచున్న దినములవి. 1777వ సంవత్సరము ఫిబ్రవరిలో, వారెన్ అను యుద్ధనౌకలోని పదిమంది నావికులును సైనికులును ఒక విజ్ఞాపనపత్రముపై చేవ్రాళ్లు చేసిరి. నౌకాదళాధిపతియైన ఈసెక్ హాప్కిన్సు బ్రిటిషు ఖైదీలను క్రూరముగా హింసించెనని వారి యభియోగములలో నొకటి. హాప్కిన్సు సామాన్యుడు గాడు. అతని యన్న స్టీఫెన్ హాప్కిన్సు స్వాతంత్ర్యప్రకటనముపై సంతకము చేసినవారిలో నొకడు. అయినను కాంగ్రెసుసభవారు మార్చినెలలో అతని నధికారమునుండి నిలిపి, 1778 జనవరిలో కొలువునుండి తొలగించిరి. అతడు కినిసి, తన్నుగూర్చి చెప్పినవారిపై పరువునష్టపు వ్యాజ్యము తెచ్చెను. రోడ్ ఐలండులో చేజిక్కిన శామ్యూల్ షా, రిచర్డ్ మార్వెన్ అను నిరువురు చెఱసాల పాలై, కాంగ్రెసునకు మొఱపెట్టుకొనిరి.

1778 జులై 30వ తేదీన కాంగ్రెసువారు చేసిన తీర్మానము నేటికిని తలపదగినది. ప్రభుత్వపు కొలువులోనివారు తమకు తెలిసిన యక్రమములను వీలైనంత త్వరగా కాంగ్రెసునకు తెలుపుట వారి విధియని చెప్పిరి. ఆ యిరువురి వ్యాజ్యపు ఖర్చులను ప్రభుత్వమే భరించునని చెప్పిరి. తమయొద్దనున్న కాగితముల ప్రతులను వారి కిప్పించిరి. పంచాయతీదారులు వారిని నిర్దోషులని తేల్చిరి. మఱుసటి యేట ఖర్చుల క్రింద 1418 డాలర్లు చెల్లింపబడెను. అప్పటికి యుద్ధము ముగియలేదు, బొక్కసమున ధనము లేదు. దేశరక్షణమను పేరు చెప్పి కప్పిపుచ్చదలచినచో వారికి కావలసినంత సాకు ఉన్నది. వారట్లు చేయలేదు. నిందితుని చేతిలో లేని వాకిలి, నిరూపణమునకు కాగితములు, వ్యాజ్యమునకు ధనము - ఈ మూడును సూచకరక్షణమునకు మూడు కొలతలుగా చదువరులు జ్ఞాపకముంచుకొన గోరెదను.

ఇక జాబుల సంగతి. 1844వ సంవత్సరమున లండనులో తలదాచుకొనియున్న ఇటలీ దేశభక్తుడు మాజినీకి, తన యుత్తరములను తపాలావారు విప్పుచున్నారని యనుమానము కలిగెను. అతడు జాబు మడతలలో గసగసాలను, ఇసుక రేణువులను ఉంచి పంపించుకొనెను. జాబులు చేరినవి గాని గసగసాలు చేరలేదు. డంకూంబ్ అను సభ్యుడు ఈ మొఱను పార్లమెంటున వినిపింపగా, హోంమంత్రి సర్ జేమ్స్ గ్రాహం వారంటుపై ఆ జాబులు విప్పబడినవని బయటపడెను. వానిలోని సంగతులు ఆస్ట్రియా ప్రభుత్వమునకు చేరినవని తెలిసినపిదప జనుల కోపమునకు మేర లేకపోయెను. తపాలాకచేరిలోని రహస్యశాఖ ఆ యేటనే మూయబడెను. వారంటు వేయు నధికారము మాత్రము నిలిచియే యుండెను. లోపలినుండి నోరు విప్పువాడొక్కడును లేనందున మాజినీ గసగసాలనే సాక్షులుగా పిలువవలసివచ్చెను.

నేటి సందేశములలో గసగసాలు ఉంచుటకు వీలులేదు. సముద్రగర్భమున పఱచిన తీగలలో వెలుగు రూపమున పోవు మాటను నకలు తీసికొన్నచో, మాట చేరవలసినచోటికి చేరును, ముద్ర చెడదు, మడత నలుగదు. పంపినవానికిని అందుకొన్నవానికిని ఏమియు తెలియదు. కావున ఈకాలమున సాక్షి యొక్కడే: లోపల కూర్చుండి చూచిన యుద్యోగి. అతని నోరు మూసినచో సాక్ష్యమే లేదు. ఈ యొక్క కారణముచేతనే సూచకరక్షణము మునుపటికంటె నేడు పదిరెట్లు ముఖ్యమైనది.

అమెరికాలో ఎన్.ఎస్.ఏ. యను జాతీయభద్రతాసంస్థ కలదు. విదేశీయుల సందేశములను పసిగట్టుట దాని పని. 2002వ సంవత్సరమున ఆ సంస్థలో చిరకాలము పనిచేసి విరమించిన విలియం బిన్నీయు, అతని మిత్రులును, ట్రెయిల్ బ్లేజర్ అను పథకమున ప్రజాధనము వ్యర్థమగుచున్నదనియు, పౌరుల గోప్యమును కాపాడగల చవుకయైన మార్గము త్రోసివేయబడినదనియు రక్షణశాఖ తనిఖీయధికారికి ఫిర్యాదు చేసిరి. లోపల నింకను ఉద్యోగమున నున్న థామస్ డ్రేక్ వారి పక్షమున సాక్ష్యమిచ్చెను. వారు వీథి కెక్కలేదు. చట్టము చూపిన వాకిలినే తట్టిరి. 2007 జులైలో బిన్నీ యింటిని, నవంబరులో డ్రేక్ యింటిని పోలీసులు సోదా చేసిరి. 2010లో డ్రేక్ పై పది నేరములు మోపబడెను. వానిలో కొన్ని 1917 నాటి గూఢచర్యపు చట్టము క్రిందివి. శత్రువుల వేగులకై చేసిన చట్టమది. 2011 జూనులో ఆ పదియు వీగిపోగా, కంప్యూటరును అనుమతికి మించి వాడెనను చిన్నతప్పు మాత్రము మిగిలెను. ఆ లోపల అతని యుద్యోగము పోయెను, కూడబెట్టినది ఖర్చయ్యెను. అతని పేరును తనిఖీశాఖవారే పోలీసులకు చేరవేసిరని ఆ శాఖలోని పెద్దయుద్యోగియైన జాన్ క్రేన్ 2016లో ఆరోపించెను. 1778 నాటి మూడు కొలతలతో దీనిని కొలిచిచూడుడు. వాకిలి బోనాయెను, కాగితములు నేరమాయెను, ఖర్చు అతని నెత్తిపై పడెను.

ఈ కథను దూరమునుండి చూచినవారిలో ఎడ్వర్డ్ స్నోడెన్ అను యువకు డొకడు. అతడు అదే సంస్థకు గుత్తేదారు పక్షమున పనిచేయువాడు. సర్కారు కొలువువారికి గల కొద్దిపాటి రక్షణమైనను అప్పు డతనికి సరిగా వర్తింపలేదు. 2013 మార్చిలో సెనేటుసభలో, కోట్లకొలది అమెరికనుల సమాచారమును సేకరించుచున్నారా యని యడుగగా, గూఢచారశాఖల పెద్దయైన జేమ్స్ క్లాపర్ లేదని బదులు చెప్పెను. జూనునెలలో స్నోడెన్ పత్రములు పత్రికల కెక్కినవి. ఒక టెలిఫోను కంపెనీ తన ఖాతాదారుల పిలుపుల లెక్కలను దినదినమును సమర్పింపవలయునని రహస్యన్యాయస్థాన మిచ్చిన యుత్తరువు వానిలో మొదటిది. ఆ సేకరణము చట్టమునకు మించినదని 2015లో నొక యప్పీలు న్యాయస్థానము తీర్పుచెప్పెను. అదే యేట కాంగ్రెసు దానిని మాన్పుచు శాసనము చేసెను. 2020లో మఱియొక న్యాయస్థానమును దానిని చట్టవిరుద్ధమనెను. చెప్పినది నిజమని న్యాయస్థానము లొప్పుకొన్నవి. చెప్పినవాడు మాత్రము రష్యాలో చిక్కుకొని, 2022లో ఆ దేశపు పౌరు డాయెను.

ప్రతిపక్షమువారి మాటయు వినవలయును. స్నోడెన్ తీసికొనిపోయిన పత్రములలో పౌరుల గోప్యముతో సంబంధములేని సైనికవిషయములు పెక్కు గలవని అమెరికా ప్రతినిధిసభాసంఘ మొకటి 2016లో తప్పుపట్టెను. ప్రతి యుద్యోగియు తనకు తోచిన రహస్యమును బయటపెట్టినచో రాజ్యము నిలువదనుటయు సత్యమే. అయితే ఈ వాదము రక్షణము కూడదని చెప్పుట లేదు. నమ్మదగిన వాకిలి యుండవలయునని చెప్పుచున్నది. డ్రేక్ తట్టిన వాకిలి తెఱచుకొని యుండినచో స్నోడెన్ గోడ దూకవలసిన పని యేమి?

ఆ పత్రములవలన మేలుకొన్నది అమెరికా యొక్కటియే గాదు. బ్రెజిల్ అధ్యక్షురాలు డిల్మా రూసెఫ్, తన సందేశములే వినబడుచున్నవని తెలిసి, వాషింగ్టను పర్యటనమును వాయిదావేసి, 2013 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో నిరసించెను. ఆ దేశమువారు మఱుసటి యేట ఇంటర్నెట్ హక్కుల చట్టము చేసికొనిరి. ఐరోపావారి సమాచారమును అమెరికాకు పంపు నొడంబడికను 2015లో ఐరోపా న్యాయస్థానము కొట్టివేసెను. ఒక్క మార్చి నెలలోనే మనదేశమునుండి 630 కోట్ల సమాచారాంశములు సేకరింపబడినవని ఆ పత్రములలో నొక లెక్క కలదు. గుంటూరునుండి డల్లాసులోని కొడుకుతో మాటలాడు తల్లికి ఇది పరాయి సంగతి గాదు. దేశముల డిజిటల్ సార్వభౌమత్వమని నేడు చెప్పుకొనుచున్న భావమునకు బలమిచ్చినవాడు పరదేశపు చిన్నయుద్యోగి యొకడు!

మన యింటి సంగతి యెట్లున్నది? రహదారుల పనులలో ఇంజనీరైన సత్యేంద్ర దూబే 2002లో అక్రమములను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసి, తన పేరు దాచుడని వేడుకొనెను. ఆ జాబు పేరుతో సహా కచేరీలు తిరిగెను. 2003 నవంబరు 27న గయలో అతడు కాల్చిచంపబడెను. అది దోపిడిగాండ్ర పనియని దర్యాప్తు తేల్చి, 2010లో ముగ్గురికి శిక్షవేసిరి. పేరు దాచుమన్నవాని పేరు దాచలేదన్న నింద మాత్రము మాసిపోలేదు. 2004లో కేంద్ర నిఘాసంఘమునకు ఫిర్యాదు చేయుటకొక తీర్మానమును, 2014లో సూచకరక్షణ చట్టమును వచ్చినవి. చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించినది. అమలునకు తేదీ మాత్రము ప్రకటింపబడలేదు. 2015లో లోక్‌సభ దానిని సవరింపబూని, దేశసార్వభౌమత్వమునకు సంబంధించిన సంగతులను ఫిర్యాదునుండి తప్పించుచు బిల్లు నంగీకరించెను; రాజ్యసభ దాటక అది మురిగిపోయెను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మండ్రు న్యాయమూర్తులు గోప్యము ప్రాథమికహక్కని ఏకకంఠముగా చెప్పిరి. 2023 నాటి సమాచారరక్షణ చట్టము, ప్రభుత్వము తాను గోరిన సంస్థలను ఆ చట్టమునుండి మినహాయించు నధికారమును తనయొద్దనే యుంచుకొన్నది.

సార్వభౌమత్వమను మాట యెవరిదో తేల్చుకొనవలసిన సమయమిది. ఆ మాటను అడ్డుపెట్టి సూచకుని నోరు మూయువారున్నారు; ఆ సార్వభౌమత్వమునే కాపాడుటకు సూచకుడు నోరు విప్పుచున్నాడు. ప్రజారాజ్యమున సార్వభౌములు ప్రజలే యైనచో, వారి జాబును విప్పినవాని రహస్యము కంటె విప్పబడినవారి గోప్యము పెద్దది. అచ్చమైన దేశరహస్యములను కాపాడుచునే, నిందితుని చేతిలో లేని వాకిలిని, కాగితములను, ఖర్చును సూచకునకు కల్పింపవచ్చును. పేదదేశమై యుద్ధమున మునిగియున్న 1778 నాటి అమెరికాకు సాధ్యమైనది, నేటి మనకు అసాధ్యము గాదు.

చట్టము వచ్చులోపల గృహస్థులు చేయదగిన పని యొకటి కలదు. కొలువులోని తప్పును చెప్పి యుద్యోగము పోగొట్టుకొన్నవాడు మన వీథిలోనే, మన బంధువులలోనే యుండవచ్చును. వానిని లోకజ్ఞానము లేనివాడని యెగతాళి చేయుట, వాని బిడ్డతో సంబంధము కలుపుకొన వెనుకాడుట మానవలయును. జాబు విప్పబడినదని చెప్పిన ఆడుబిడ్డను ఆదరించిన యింటిలో, మరల జాబు విప్పుట కెవరికిని చేతులు రావు.