పెంపుడు తేలుకు మేతగా కీచురాళ్ళు

హోసూరు రోడ్డు వెంబడి గల బొమ్మనహళ్ళి 2007లో బెంగళూరు మహానగరంలో కలిసింది. సరిహద్దు గ్రామాల నుంచి పనికి, చదువుకు వెళ్ళిన మన పిల్లలు అక్కడి అద్దె గదులలో ఎందరో ఉన్నారు. అటువంటి ఇరుకు గదిలో కుక్కకు చోటుండదు గాని, గాజు పెట్టెలో తేలుకు ఉంటుంది. పెద్ద తేలుకు వారానికి ఒకటి రెండు కీచురాళ్ళు చాలు. కష్టమంతా వాటిని ఏడాది పొడుగునా అందించడంలోనే ఉన్నది.

కీచురాయినే ఇలకోడి అని కూడా అంటారు. పొలంలో పట్టినవి మేతకు మంచివి కావు. వాటి ఒంటిలోని పురుగుమందు తేలుకు చేరుతుంది. ఇంటిలో పెంచదలచినవారు పెద్ద ప్లాస్టిక్ డబ్బా మూతకు కంత కోసి ఇనుప జాలి బిగించాలి. నైలాను జాలిని అవి కొరికివేస్తాయి. లోపల కోడిగుడ్ల అట్టలు నిలువుగా పేర్చి, తవుడు, క్యారెట్ ముక్కలు వేయాలి. నీటి గిన్నె పెడితే పిల్లలు మునిగి చస్తాయి, తడి దూది చాలు. మేత, నీరు తగ్గితే ఒకదానినొకటి తింటాయి.

ఆడదానికి వెనుక సూది వంటి గొట్టం ఉంటుంది. దానితో తడి మట్టిలో గుడ్లు పెడుతుంది. తడిపిన కొబ్బరి పొట్టును గిన్నెలో నింపి లోపల ఉంచి, రెండు మూడు రోజులకు వేరొక డబ్బాలోకి మార్చాలి. లేనిచో పెద్దవి గుడ్లను తినివేస్తాయి. 30 డిగ్రీల వెచ్చదనంలో సుమారు పది పన్నెండు రోజులకు పిల్లలు వస్తాయి, మరి ఆరు నుంచి ఎనిమిది వారాలలో ఎదుగుతాయి. అనంతపురం ఎండకు ఇది తేలికే. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకు దిగుతాయి కనుక డబ్బా పక్కన చిన్న బల్బు వెలగాలి. మగవి రెక్కలు రాచి రాత్రంతా కూస్తాయి. పక్క గదివారితో తగవు వద్దనుకుంటే కొన్నింటిని మాత్రం ఉంచి, మిగిలిన మగవాటిని ముందుగా తేలుకు వేయడం మేలు.

కుబుసం విడిచిన తేలు ఒళ్ళు మెత్తగా ఉంటుంది. అప్పుడు వదిలిన కీచురాయి తేలునే కొరుకుతుంది. తినని పురుగును మరునాడే తీసివేయాలి.

పెంపకందారులు కోరేది ఆఫ్రికాకు చెందిన నల్లని ఎంపరర్ తేలును. దాని వ్యాపారం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు నియంత్రణలో ఉన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం అటువంటి ప్రాణిని ఉంచుకున్నవారు నమోదు చేయించుకోవాలి. పత్రాలు లేనిదానిని కొనరాదు.

సెలవులకు వచ్చిన కుర్రవాడు ఊరి రాళ్ళ కింది ఎర్ర తేలును పట్టి పెట్టెలో వేసుకొని పోతానంటే మాత్రం ఒప్పుకోకండి. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణ మాసంలో భక్తులు తేళ్ళను చేతబట్టి కొండలరాయునికి సమర్పిస్తారు. అది చూచిన పిల్లలకు భయం పోవడం సహజం. నల్ల తేలు కంటె చిన్నదైన ఈ ఎర్ర తేలే ప్రాణాలు తీస్తుంది, పసిబిడ్డలకు మరీ ప్రమాదం. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే మందును దీని విషానికి వాడి మరణాలను ఎంతో తగ్గించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ మందు వైద్యుని చేతి మీదుగానే పడాలి. కుట్టినచోట కోయడం, కట్టు బిగించడం, మంత్రానికి కూర్చోవడం కాలహరణమే. ఒళ్ళంతా చెమట, వాంతులు, కాళ్ళు చేతులు చల్లబడడం ప్రమాద సూచనలు. బిడ్డకు ఇవి కనబడేదాకా ఆగక, కుట్టినవెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. 108 వాహనం సరిహద్దుకు ఇరువైపులా వస్తుంది.