సినిమా చూడటం కూడా చదువేనా? కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి ఒక చరిత్ర

పోయిన ఎపిసోడ్ తర్వాత జగిత్యాల నుంచి ఒక డిగ్రీ విద్యార్థి ఉత్తరం రాశాడు. అతని ప్రశ్న సూటిగా ఉంది. "సార్, నాకు యూనివర్సిటీల సినిమా గురించి చదవాలని ఉంది. హీరో కావాలని కాదు, డైరెక్టర్ కావాలని కాదు. సినిమా చరిత్ర, సినిమా సిద్ధాంతం చదవాలని ఉంది. ఇంట్ల చెప్తే మా నాయిన 'సినిమా సూసుడు గూడ సదువేనారా?' అని నవ్విండు. ఆయనకు ఏం జవాబు చెప్పాలె?" అని.

వాళ్ల నాన్న అడిగింది తప్పేమీ కాదు. మన దేశంలో విశ్వవిద్యాలయాలే ఈ ప్రశ్న దగ్గర చాలా ఏళ్లు ఆగిపోయాయి. అందుకే ఇవాళ్టి మాటలు దీని మీదే. జవాబు కోసం పారిస్, లండన్ దాకా పోనక్కర్లేదు. కరీంనగర్ నుంచే మొదలుపెడదాం.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. సినిమా చదువు అంటే మూడు పనులు. ఒకటి చరిత్ర: ఎప్పుడు, ఎవరు, ఏ డబ్బుతో, ఏ యంత్రంతో తీశారు, ఎవరు చూశారు. రెండోది సిద్ధాంతం: తెర మీద కదిలే బొమ్మ మన మనసు మీద ఎట్లా పనిచేస్తుంది. మూడోది విశ్లేషణ: ఒక సీను ముందు పెట్టుకుని, కెమెరా ఎక్కడుంది, శబ్దం ఎక్కడిది, కోత ఎక్కడ పడింది అని విప్పి చూడటం. ఈ మూడింటికీ మన జిల్లాల్లోనే ఉదాహరణలున్నాయి.

చరిత్రతో మొదలుపెడతాను. పైడి జైరాజ్ పేరు మీలో ఎంతమంది విన్నారు? 1909లో కరీంనగర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో చదివి, 1929లో బొంబాయి వెళ్లారు. అప్పటికి సినిమాకు మాట రాలేదు. మూగ చిత్రాల్లో హీరోగా మొదలై, టాకీలు వచ్చాక కూడా నిలబడ్డారు. దేవికారాణితో 'హమారీ బాత్'లో నటించారు, 1951లో 'సాగర్' అనే సినిమా తీశారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకే వచ్చింది. 2000లో కన్నుమూశారు. ఇంత చరిత్ర ఉన్న మనిషి సొంత జిల్లాలోనే చాలామందికి తెలియదు. ఎందుకంటే ఆయన పేరు హిందీ సినిమాతో ముడిపడిపోయింది.

సరే, ఆయన మూగ చిత్రాలు తెచ్చి చూద్దాం అంటారా? అక్కడే చిక్కు. మన దేశంలో దాదాపు 1300 మూగ చిత్రాలు తీశారని లెక్క. వాటిలో మిగిలినవి కొన్ని పదులు మాత్రమే. అందులోనూ కొన్ని తెగిన ముక్కలు. అప్పటి ఫిల్మ్ నైట్రేట్‌తో చేసేవారు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, వదిలేస్తే పొడైపోతుంది. పైగా ఆట అయిపోయిన రీళ్ల నుంచి వెండి తీసుకునేవాళ్లు. అంటే ఒక నటుడి యవ్వనం మొత్తాన్ని ఎవరో వెండి కోసం కరిగించేశారు. సినిమా పోయినప్పుడు చరిత్రకారుడు దేని మీద ఆధారపడాలి? పత్రికల్లో ప్రకటనలు, పాటల పుస్తకాలు, సెన్సార్ రికార్డులు, ఫొటోలు, జ్ఞాపకాలు. వీటిని పక్కపక్కన పెట్టి, ఏది నిజమో తేల్చాలి.

ఈ పని ఎంత విలువైందో ఒక ఉదాహరణ చెప్తాను. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని మనం చాలా ఏళ్లు చెప్పుకున్నాం. ఆ రోజు వేడుకలు కూడా చేశాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, రికార్డులు తిరగేసి, ఆ సినిమాకు సెన్సార్ అయిందే 1932 జనవరి 22న అని, విడుదల 1932 ఫిబ్రవరి 6న అని చూపించారు. సెన్సార్ కాకుండా సినిమా ఎట్లా విడుదలవుతుంది? ఒక్క కాగితంతో అన్నేళ్ల నమ్మకం కూలిపోయింది. చూశారా, ఇది సినిమా చదువు. ఇందులో పని ఎక్కువగా దుమ్ము పట్టిన కాగితాలతోనే.

ఇక ఈ చదువు మన దగ్గరికి ఎట్లా వచ్చిందో చూద్దాం. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా లాంటి వాళ్లు కలిసి ఒక ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ కలిసి ఫెడరేషన్ అయ్యాయి. దానికి మొదటి అధ్యక్షుడు రాయ్. 1960లో పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 1964లో అక్కడే జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చాయి. ఆర్కైవ్‌ను పి.కె. నాయర్ తన ప్రాణంగా పెంచారు. ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాను ఎట్లా చూడాలో నేర్పడానికి సతీష్ బహదూర్ వచ్చారు. ఆగ్రాలో పాఠాలు చెప్పుకుంటూ ఫిల్మ్ సొసైటీ నడిపిన మనిషి ఆయన. 'పథేర్ పాంచాలి'ని షాట్ తర్వాత షాట్ విప్పి చెప్పేవారు. వాళ్లిద్దరూ కలిసి నడిపిన ఫిల్మ్ అప్రిసియేషన్ కోర్సుకు దేశమంతటి నుంచి లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, విలేకరులు వెళ్లి కూర్చున్నారు. తిరిగి వచ్చి తమ ఊళ్లలో చిన్న చిన్న బడులు పెట్టారు. ఆ బడుల పేరే ఫిల్మ్ సొసైటీ.

అట్లాంటి ఒక బడి 1970ల చివర్లో కరీంనగర్‌లో మొదలైంది. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ, పొట్టిగా కఫిసో. ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఎమర్జెన్సీ అయిపోయింది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లో దొర గడీ, వెట్టి, కూలి గురించి మాట్లాడుకుంటున్న రోజులు. సరిగ్గా అప్పుడే తెర మీద కూడా ఆ మాటలు మొదలయ్యాయి. శ్యాం బెనెగల్ 'అంకుర్' 1974లో, మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' 1977లో వచ్చాయి. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' 1980లో వచ్చింది. బయట జరుగుతున్నదీ తెర మీద కనిపిస్తున్నదీ ఒకటే కావడంతో, సినిమా గురించి మాట్లాడటం అంటే ఊరి గురించి మాట్లాడటమే అయింది.

సొసైటీ ఎట్లా నడిచేది? ఇప్పటి పిల్లలకు చెప్తే వింతగా ఉంటుంది. సెల్‌ఫోన్ లేదు, యూట్యూబ్ లేదు. అప్పట్లో కరీంనగర్‌కు రైలు కూడా లేదు. సొసైటీలకు ఆర్కైవ్ నుంచో, ఫెడరేషన్ నుంచో, ఏదో దేశపు రాయబార కార్యాలయం నుంచో రీళ్ల పెట్టెలు వచ్చేవి. ఎక్కువగా 16 ఎంఎం ప్రింట్లు. చూసి, మాట్లాడుకుని, మళ్లీ పెట్టెలో సర్ది ఇంకో ఊరికి పంపాలి. సభ్యత్వ రుసుముతోనే అంతా గడవాలి. ఒక ప్రింటు మీ ఊళ్లో ఒక్క రాత్రే ఉంటుందంటే, ఎంత శ్రద్ధగా చూస్తారు? రెండోసారి దొరకదు కాబట్టి ప్రతి షాట్ గుర్తు పెట్టుకోవాలి. ఆ లేమి వాళ్లకు చూపు నేర్పింది.

ఆ సొసైటీతో పెరిగిన వాళ్లలో వారాల ఆనంద్ ఒకరు. కవి, కాలేజీ లైబ్రేరియన్, సినిమా విమర్శకుడు. మంచి సినిమా గురించి తెలుగులో ఏళ్ల తరబడి రాశారు. గుల్జార్ కవితల అనువాదానికి ఆయనకు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం కూడా వచ్చింది. కరీంనగర్ సినిమా చరిత్రలో డిపార్ట్‌మెంటు కంటే ముందు లైబ్రేరియన్ వచ్చాడు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం.

ఇప్పుడు సిద్ధాంతం. ఈ మాట వినగానే భయపడకండి. మన ఊళ్లలో పటం కథలు చెప్పేవాళ్లను చూశారా? పొడుగాటి బట్ట మీద వరుసగా బొమ్మలుంటాయి. కథకుడు చుట్ట విప్పుతూ, ఒక్కో బొమ్మకు పుల్ల ఆనించి కథ చెప్తాడు. ఒక బొమ్మ తర్వాత ఇంకో బొమ్మ. మధ్యలో జరిగింది మన మనసే పూడ్చుకుంటుంది. నూరేళ్ల కింద రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఇదే విషయాన్ని ఫిల్మ్‌తో పరీక్షించాడు. ఒకే నటుడి ఒకే ముఖం. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక అతికించాడు. చూసినవాళ్లకు మొదటిదాంట్లో ఆకలి, రెండోదాంట్లో దుఃఖం కనిపించాయట. ముఖం మారలేదు, పక్కన ఉన్న బొమ్మ మారింది. దీని నుంచే ఐజెన్‌స్టీన్ లాంటి వాళ్ల మాంటాజ్ ఆలోచన ఎదిగింది. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో ఆంద్రే బజాఁ ఇంకో మాట అన్నాడు: అంత కోయకండి, కెమెరాను కాసేపు అట్లాగే ఉంచండి, దేన్ని చూడాలో ప్రేక్షకుడినే తేల్చుకోనివ్వండి అని.

ఈ రెండు వాదాల్లో బజాఁ చెప్పింది ఏమిటో తెలియాలంటే నర్సింగరావు 'దాసి' చూడండి. పెళ్లిలో దొరసానితో పాటు అరణంగా గడీకి వచ్చిన కమలాక్షి కథ. మాటలు చాలా తక్కువ. కెమెరా తొందరపడదు. ఆ మనిషి గడీలో రోజంతా పని చేస్తూ ఉంటే మనం చూస్తూ ఉండాల్సిందే. చూసి చూసి మనకే బరువనిపిస్తుంది. గట్టి డైలాగ్ పెడితే ఒక్కసారి చప్పట్లు కొట్టి మర్చిపోయేవాళ్లం. ఆ నిశ్శబ్దం మాత్రం ఇంటిదాకా వస్తుంది. 1988 జాతీయ అవార్డుల్లో ఆ సినిమాకు ఐదు వచ్చాయి. అర్చన ఉత్తమ నటి. కళా దర్శకత్వానికి అవార్డు తీసుకున్నది తోట వైకుంఠం, మన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి మనిషి. ఆ గడీ గోడలు, ఆ రంగులు ఆయన చిన్ననాటి ఊరి నుంచి వచ్చినవే అనిపిస్తుంది నాకు.

ఇక విశ్లేషణ. దీనికి ఆదిలాబాద్ పోదాం. కొమురం భీం మీద రెండు సినిమాలు పక్కపక్కన పెట్టండి. ఒకటి అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీం'. 1990లో తయారైంది, నంది అవార్డులు వచ్చాయి, థియేటర్లలో విడుదలైంది మాత్రం 2010లో. ఇరవై ఏళ్లు డబ్బాలో ఉంది. రెండోది 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'. దాన్ని ప్రపంచమంతా చూసింది, పాటకు ఆస్కార్ కూడా వచ్చింది. చరిత్రలో భీం పోరాటం నిజాం రాజ్యంలోని అటవీ, రెవెన్యూ అధికారులతో, పోలీసులతో. భూమి కోసం, అడవి కోసం. 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. 'ఆర్ఆర్ఆర్'లో ఆయన ఢిల్లీలో తెల్లదొరలతో కొట్లాడతాడు. అది కల్పన అని సినిమా వాళ్లే చెప్పారు. కాబట్టి తప్పు పట్టడం సులువు, అక్కడితో ఆగిపోతే అది చదువు కాదు.

చదువుకున్న మనిషి ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. శత్రువును నిజాం అధికారి నుంచి తెల్లదొరగా మార్చినప్పుడు, కథలో నుంచి ఏం జారిపోయింది? భూమి అనే మాట ఎన్నిసార్లు వినిపించింది? గోండులు మాట్లాడుకునేటప్పుడు గోండి ఎంత వినిపించింది? కెమెరా అడవిని ఇల్లులాగా చూపిందా, వింతలాగా చూపిందా? ఇంకో ప్రశ్న అన్నిటికంటే పెద్దది. ఒక సినిమా లోకమంతా తిరిగితే, ఇంకోటి ఇరవై ఏళ్లు ఎందుకు ఆగిపోయింది? దానికి జవాబు తెర మీద ఉండదు. పంపిణీ, థియేటర్లు, పెట్టుబడి, వీటిలో ఉంటుంది. రేపు పుట్టబోయే ఆదిలాబాద్ పిల్లవాడికి భీం అంటే ఏ ముఖం గుర్తొస్తుంది అనేది వీటి మీదే ఆధారపడి ఉంది. అందుకే ఇది ఆషామాషీ చదువు కాదంటున్నాను.

యూనివర్సిటీల సంగతి. మన దేశంలో సినిమా అధ్యయనానికి ఎం.ఏ. మొదలుపెట్టడంలో కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ముందుంది. 1993లో అక్కడ విభాగం వచ్చింది. మనకు దగ్గర్లో హైదరాబాద్ ఇఫ్లూలో ఫిల్మ్ స్టడీస్ విభాగం ఉంది. అక్కడ పని చేసిన ఎం. మాధవప్రసాద్ 1998లో హిందీ సినిమా మీద రాసిన పుస్తకాన్ని దేశమంతా చదివారు. ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి గురించి, ఆయన అభిమాన సంఘాల గురించి 2009లో ఒక పుస్తకమే రాశారు. కటౌట్‌కు పాలు పోసే కుర్రాడు కూడా పరిశోధనకు తగిన మనిషే అని దాంతో తేలింది. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది.

అయితే ఒక బాధ ఉంది. ఈ పుస్తకాల్లో ఎక్కువ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడు 'దాసి'ని తన కళ్లతో అందరికంటే బాగా అర్థం చేసుకోగలడు. గడీ అంటే ఏమిటో వాళ్ల నాయనమ్మ చెప్పి ఉంటుంది. కానీ ఆ అర్థాన్ని పరీక్షలో రాయడానికి అతని దగ్గర మాటలు ఉండవు. మాటలు ఉన్నవాడికి గడీ తెలియదు. ఈ రెండింటి మధ్య వంతెన ఇంకా పూర్తి కాలేదు. ఫిల్మ్ సొసైటీల వాళ్లు, తెలుగులో రాసిన విమర్శకులు కొంత కట్టారు. మిగతాది ఎవరో ఒకరు కట్టాలి.

అందుకే జగిత్యాల తమ్ముడికి చెప్తున్నా. సీటు వచ్చేదాకా ఆగకు. మీ ఊళ్లో మూతపడ్డ థియేటర్ ఉంటుంది. దాంట్లో పనిచేసిన ఆపరేటర్ ఎక్కడో ఉంటాడు. పోయి కూర్చుని అడుగు. కార్బన్ కడ్డీలతో ప్రొజెక్టర్ ఎట్లా వెలిగించేవాడో, ఏ సినిమాకు బండ్లు కట్టుకుని వచ్చారో రాసుకో. 2023లో 'బలగం' వచ్చినప్పుడు ఊళ్లల్లో తెర కట్టి అందరూ కలిసి చూసి ఏడ్చారు కదా. సిరిసిల్ల వైపు ఊళ్లల్లో తీసిన సినిమా, ఆ ఊళ్లలాంటి వాటిల్లోనే తెర మీదికొచ్చింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏ సీనుకు ఎవరు లేచి పోయారు, అది కూడా రాసుకో. జైరాజ్ రీళ్లు కరిగిపోయినట్టు ఈ జ్ఞాపకాలు కరిగిపోతే, రేపు ఏ యూనివర్సిటీ కూడా తెచ్చి ఇయ్యలేదు.

మీ నాయినకు వాదించి చెప్పకు. పక్కన కూర్చోబెట్టుకుని 'మా భూమి' పెట్టు. అయిపోయినంక, "నాయినా, మీ చిన్నప్పుడు ఊళ్లె ఇట్లనే ఉండెనా?" అని అడుగు. ఆయన చెప్పడం మొదలుపెడతాడు. నువ్వు నోట్‌బుక్కు తీయి. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన నోటినుంచే వస్తుంది.

మీ ఊళ్లో పాత టాకీస్ పేరు, అక్కడ మీరు చూసిన మొదటి సినిమా ఏదో మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడుకుందాం.