కట్టు నుంచి కండర కోశం దాకా: ఫోల్క్‌మన్ సంకోచ భావన పరిణామం

చర్మం తెగకుండా లోపలి కండరాన్ని నలిపే దెబ్బను తెలుగువారు మూగదెబ్బ అంటారు. చేతికి తగిలిన మూగదెబ్బ కొన్ని సందర్భాలలో తీవ్ర కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌కు దారితీసి, గంటల వ్యవధిలోనే కండరాలను, నరాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ఈ స్థితికి కారణం చేతి వెలుపల ఉందా, లోపల ఉందా అన్న ప్రశ్న చుట్టూనే దాని చరిత్ర నడిచింది.

జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ 1881లో, గాయపడిన చేతికి బిగుతుగా కట్టు కట్టిన తరువాత వేళ్లు ముడుచుకుపోయే వైకల్యాన్ని వివరించాడు. అప్పటివరకు నరాల పక్షవాతంగా భావించిన ఈ స్థితికి రక్తం అందక కండరం చనిపోవడమే మూలమని ఆయన ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన కట్టు విషయంలో వైద్యులను హెచ్చరించింది. అయితే కట్టే లేని చేతిలో ఇదే వైకల్యం ఎందుకు కలుగుతుందో అది వివరించలేకపోయింది.

ఈ వైకల్యానికి ఫోల్క్‌మన్ పేరును స్థిరపరచిన హిల్డెబ్రాండ్, 1906లో కణజాలంలో పెరిగే పీడనం వైపు దృష్టి మళ్లించాడు. 1926లో పాల్ జెప్సన్ జంతు ప్రయోగాల ద్వారా, లోపలి ఒత్తిడిని సకాలంలో తగ్గిస్తే సంకోచాన్ని నివారించవచ్చని చూపాడు. 1941లో బైవాటర్స్, బీల్ లండన్ బాంబు దాడులలో శిథిలాల కింద నలిగిన వారి అవయవాల వాపును, దానిని అనుసరించిన మూత్రపిండ వైఫల్యాన్ని నమోదు చేశారు. కట్టు ప్రమేయం లేకుండానే నలిగిన కండరం ప్రాణాపాయం తేగలదని దీనితో స్పష్టమైంది.

వేర్వేరు పేర్లతో వ్యవహరించిన ఈ స్థితులన్నింటినీ 1975లో మాట్సెన్ ఒకే భావన కిందికి తెచ్చాడు. కండరాలను చుట్టి ఉండే ఫేషియా అనే గట్టి పొర అంతగా సాగదు. అందువల్ల రక్తస్రావం గాని, వాపు గాని కోశంలోని పీడనాన్ని పెంచి, సూక్ష్మ రక్తనాళాలలో ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. అదే ఏడాది వైట్‌సైడ్స్ బృందం సూది ద్వారా ఈ పీడనాన్ని కొలిచే సులభ పద్ధతిని ప్రచురించింది. 1996లో ఎడిన్‌బరో వైద్యులు మెక్‌క్వీన్, కోర్ట్-బ్రౌన్ కాలి ఎముక విరిగిన 116 మందిని పరిశీలించారు. డయాస్టోలిక్ రక్తపోటుకు, కోశ పీడనానికి మధ్య తేడా 30 మిల్లీమీటర్ల పాదరసం కన్నా తగ్గినప్పుడు ఫేషియాను కోసి తెరవాలని వారు సూచించారు.

ఈ పరిణామానికి ఆచరణలో ఎంతో విలువ ఉంది. ధమనిలోని పీడనం కోశ పీడనం కన్నా ఎక్కువగా ఉన్నంతవరకు మణికట్టు వద్ద నాడి అందుతూనే ఉండవచ్చు. కాబట్టి నాడి ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని భావించరాదు. గాయానికి మించిన నొప్పి, ముంజేతి కోశాల విషయంలో వేళ్లను చాచినప్పుడు ఆ నొప్పి ఉధృతం కావడం తొలి సూచనలు. ముంజేతితో పోలిస్తే దండచేతిలో ఈ స్థితి అరుదు. ఆ అరుదుదనమే నిర్ధారణలో జాప్యానికి దారితీయవచ్చు. ఎముక విరగకున్నా ఈ స్థితి ఏర్పడుతుంది కనుక, ఎక్స్‌రేలో విరుగుడు కనిపించలేదన్న ఊరట సరిపోదు.

బిగుతు కట్టు ప్రమాదమన్న ఫోల్క్‌మన్ హెచ్చరిక నేటికీ చెల్లుతుంది. కట్టు విప్పినా నొప్పి తగ్గని చేతి విషయంలో మాత్రం, ఆయన తరువాతి శతాబ్దం నేర్పిన పాఠమే ఆ చేతిని కాపాడుతుంది.