వయ్యారిభామ చేసిన చేటు

కంది కట్టె ఇంకో నాలుగు ఎగదొయ్ అబ్బోడా, ఈ చలికి ఈ మంట చాలదు. ఇప్పుడు మీరు ఆకు మీద మచ్చ కనపడితే చాలు, ఫోటో తీసి ఫోనులో పంపి, ఏ మందు కొట్టాలని అడుగుతాండారు. మందు సంగతి తర్వాత. ఆ తెగులు ఏ దావన వచ్చిందో అది చూడాల ముందు.

మా చిన్నప్పుడు జొన్నే మనకు తిండి. కంకిలో గింజ ఉండాల్సిన తావున నల్ల పొడి ఉండేది, కాటుక తెగులు. నలిపితే చెయ్యంతా మసి. కళ్లంలో ఆ కంకులూ మంచి కంకులూ కలిపి తొక్కిస్తే పొడి మంచి గింజలకు అంటుకుంటుంది, మళ్లా ఏడు ఆ విత్తనంతోనే చేనెక్కుతుంది. అందుకే విత్తే ముందు గింజలకు గంధకం పొడి పట్టించేది. సజ్జకొచ్చే వెర్రి కంకి దావ వేరే. కంకి నిండా గింజల బదులు పచ్చని ఆకులు పుట్టుకొస్తాయి. దాని బీజాలు మన్నులో ఏళ్ల తరబడి పడుంటాయి, అదను చూసి మొలకను పట్టుకుంటాయి. ఇంక శెనక్కాయ తిక్కా అంటారా, అది బూజు, గాలికీ వానకూ పాకుతుంది. ఆకు రాలుతుంది, కాయ తగ్గుతుంది, అయినా చేను మిగులుతుంది.

2000వ సంవత్సరం ముంగారులో చేనే మిగల్లేదు. అప్పుడు మన అనంతపురం జిల్లా అంతా శెనక్కాయే గదా, అందులోనూ ఎక్కువ మంది వేసింది టీఎంవీ-2 రకం. చేను పచ్చగా లేచింది. ఉన్నట్టుండి లేతాకుల మీద గోధుమ రంగు మచ్చలు పడె, మొవ్వు ఎండె, కాడ మీద చారలు పడి చెట్టుకు చెట్టే చచ్చిపాయ. దిష్టి అనినోళ్లు ఉన్నారు, కల్తీ విత్తనమని అంగడోనితో కొట్లాడినోళ్లు ఉన్నారు. చానామంది పాత మొవ్వు కుళ్లే అనుకున్నారు. బూజని మందులు కొట్టినోళ్లూ ఉన్నారు. బూజైతే గదా చచ్చేది! జిల్లాలో దగ్గర దగ్గర 2 లక్షల 25 వేల హెక్టార్లకు తగిలింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని లెక్క కట్టినారు.

పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్ష చేసి చెప్పిరి, ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ అని. దాని కాపురం శెనక్కాయలో కాదు, గట్ల మీది వయ్యారిభామ గడ్డిలో. వైరస్ లోపలున్నా ఆ మొక్కకు ఏమీ కాదు, తెల్లగా పూస్తానే ఉంటుంది. పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి శెనక్కాయ ఆకు మీద పడుతుంది, తామర పురుగులు కూడా ఒంటికి పూసుకొని తెస్తాయి. ఆ పురుగు ఆకును గీకి రసం పీలుస్తుంది చూడు, ఆ గీకిన తావు నుంచే వైరస్ లోపలికి పోతుంది. కంటికి ఆననంత పురుగు తలుపు తీస్తే, గట్టు మీది పుప్పొడి ఇంట్లో దూరినట్టు.

ఇంకో సంగతి వినండి. ఇది శెనక్కాయ విత్తనం గుండా రాదు. చచ్చిన చెట్టు నుంచి పక్క చెట్టుకు పెద్దగా పాకదు. కాబట్టి అంగడోనితో కొట్లాడి లాభం లేదు, చేల్లో చెట్లు పీకీ లాభం లేదు. పీకాల్సింది గట్టు మీద. మా నాయన కాలంలో ఆ గడ్డి పేరే తెలీదు. అమెరికా ఖండం మొక్క అది, మన దేశంలో 1950లలో పూణే దిక్కున బయటపడి, రోడ్ల వెంబడి ఊరూరికీ పాకింది.

చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేస్తే పుప్పొడినీ పురుగునూ కొంత ఆపుతుంది. అదొక్కటే చాలదు. ఒకరి గట్టు బాగుండి పక్క బీట్లో గడ్డి పూస్తాంటే ఏం ఫలం? వచ్చే ముంగారుకు ఊరంతా కలిసి, పూత రాకముందే బీళ్లలోనూ దావల పక్కనా పీకెయ్యండి. చేతులకు గుడ్డ చుట్టుకోండి, అది తగిలితే దద్దుర్లు లేస్తాయి.