సొరకాయ బుర్రకు సిగ్గెందుకు?

కూర, పప్పు, దప్పళం సంగతి పక్కన పెడితే, సొరకాయతో మన తెలుగువాళ్లకి మరో రెండు రకాల అనుబంధం ఉంది. ఒకటి కోయడం, రెండోది కట్టుకోవడం. కోసేవాళ్ల సంగతి మీకు తెలిసిందే. ఒడ్డున కూర్చుని, "గోదావరిని ఈ దరి నుంచి ఆ దరికి ఈదేశాను తెలుసా!" అంటూ సొరకాయలు కోస్తారు. కట్టుకునేవాళ్లు అలా కాదు. ముదిరి ఎండిన సొరకాయ బుర్రను నడుముకి బిగించుకుని, నోరు మూసుకుని నీళ్లలోకి దిగుతారు. నీళ్లలో దిగి క్షేమంగా ఇల్లు చేరినవాళ్లలో ఈ రెండో రకంవాళ్లే ఎక్కువై ఉంటారని నా అనుమానం.

సొరకాయ దొరక్కపోతే మునగబెండ్లు ఉండేవి. ఎండి తేలికపడ్డ మునగ కొమ్మల్ని ముక్కలుగా కోసి, తాడుతో వీపుకి కట్టి, పిల్లల్ని దిగుడుబావిలోకి దింపేవారు. అదీ లేకపోతే మూత బిగించిన ఖాళీ కిరసనాయిలు డబ్బా. ఈత వస్తున్నకొద్దీ ఒక్కొక్క బెండే తీసేసేవారు. ఒంటిమీద బెండు లేకుండా దూకిన రోజు కుర్రాడికి పండగే. చిక్కంతా అక్కడే వచ్చింది. బెండు విప్పినవాడు మొనగాడు, విప్పనివాడు పిరికివాడు అయిపోయారు. తేలడానికి సాయం తీసుకోవడం నామోషీ అన్న మాట అలా మన బుర్రల్లో పాతుకుపోయింది.

మరి ఆడపిల్లలో? అన్నయ్య బావిలోకి దూకుతుంటే చెల్లెలు గట్టుమీద కూర్చుని వాడి చొక్కాకి కాపలా కాసేది. "ఆడపిల్లకి ఈతెందుకే?" అనేవారు పెద్దవాళ్లు. బెండు విప్పడం మాట అటుంచి, కట్టించుకునే అదృష్టమే చాలామందికి దక్కలేదు. ఆ చెల్లెళ్లే ఇప్పుడు నలభయ్యో యాభయ్యో దాటాక, పిల్లలు టిక్కెట్లు కొనిపెడితే అండమాన్‌కో, థాయ్‌లాండ్‌కో, అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు హవాయికో వెళుతున్నారు. అక్కడ స్నార్కెలింగ్ అనే ముచ్చట ఉంటుంది. కళ్లకీ ముక్కుకీ అద్దాల తొడుగు, నోట్లో వంకర గొట్టం పెట్టుకుని, నీటిమీద బోర్లా తేలుతూ, కింద పగడాల తోటనీ రంగురంగుల చేపల్నీ చూడడం. చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు. కానీ ఈత రాదే! తేలే చొక్కా అడగాలంటే మొహమాటం. "అందరూ చూస్తారు, నాకొద్దులే" అని కొందరు ఒడ్డునే ఉండిపోతారు. "ఏం కాదులే" అని మరికొందరు ఉత్త చేతులతో దిగుతారు. మొదటివాళ్లకి నష్టం ఒక ముచ్చట. రెండోవాళ్లు పణం పెట్టేది ప్రాణం.

ఈ మొహమాటం ఎంత అర్థం లేనిదో చరిత్ర చూస్తే తెలుస్తుంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అసిరియా రాజు రెండో అషుర్‌నసిర్‌పాల్ కోటలోని శిలాఫలకాలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం తొమ్మిదో శతాబ్దం నాటివి. ఒక ఫలకంలో, గట్టుమీంచి శత్రువులు బాణాలు వేస్తుంటే నదిలో పడి పారిపోతున్న మనుషులు కనిపిస్తారు. పొట్ట కింద ఉబ్బించిన తోలుతిత్తి, నోట్లో దాని గొట్టం. గాలి ఊదుకుంటూనే ఈదుతున్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నామోషీ ఎక్కడ గుర్తుంటుంది! మన పంజాబు నదుల్లో కూడా ఇలా ఉబ్బించిన తోళ్లమీదే మనుషులు ఏళ్లతరబడి దాటారు.

రోమునగరాన్ని గాల్ జాతివాళ్లు ముట్టడించినప్పుడు, కొండమీద చిక్కుకున్నవాళ్లకి కబురు చేర్చడానికి పాంటియస్ కొమినియస్ అనే యువకుడు రాత్రివేళ టైబర్ నది దాటాడని ప్లూటార్క్ రాశాడు. ఎలా దాటాడు? బెండ్లు కట్టుకుని! ఆ బెండు మనం సీసాలకి బిరడాగా పెట్టే కార్కు, అంతే తేడా. అతన్ని రోమన్లు వీరుడన్నారు గాని, "బెండు కట్టుకున్నావటగా" అని ఎవరూ వెక్కిరించలేదు. 1775లో ఫ్రాన్సులో లా షాపెల్ అనే మతగురువు కార్కుతో ఏకంగా ఒక చొక్కా తయారుచేసి, దానిమీద పుస్తకమే రాశాడు.

కార్కు చొక్కా విలువ లోకానికి బాగా తెలిసింది 1861 ఫిబ్రవరి 9న. ఇంగ్లండులోని విట్‌బీ రేవులో పెద్ద తుఫాను. ఓడల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడడానికి 13 మంది పడవవాళ్లు ఆ రోజంతా మళ్లీ మళ్లీ సముద్రంలోకి వెళ్లారు. చివరిసారి పడవ తలకిందులైంది. 12 మంది పోయారు. బతికింది హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే. కొత్తరకం కార్కు చొక్కా ఒంటిమీద ఉన్నదీ అతనొక్కడికే. దాన్ని కెప్టెన్ వార్డ్ అనే అధికారి 1854లో రూపొందించాడు. మిగతావాళ్లు సముద్రం తెలియని అమాయకులనుకున్నారా? సముద్రం మీదే పుట్టి పెరిగినవాళ్లు!

ఇంతవరకు విని, "తేలే చొక్కా తొడిగితే చాలు, ఇక భయం లేదు" అనుకోకండి. ఈ కథకి రెండోవైపు ఉంది, అది కన్నీటి కథ. 1904 జూన్ 15న న్యూయార్కులో ఒక జర్మన్ చర్చివాళ్లు వనభోజనాలకి జనరల్ స్లోకమ్ అనే స్టీమరులో బయల్దేరారు. పనిరోజు కావడంతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. నది మధ్యలో స్టీమరుకి నిప్పంటుకుంది. తల్లులు తేలే చొక్కాలు లాగి పిల్లలకి తొడిగి నీళ్లలోకి వదిలారు. చూస్తుండగానే పిల్లలు మునిగిపోయారు. ఆ చొక్కాలు పదమూడేళ్లుగా ఎండకీ వానకీ వేలాడుతున్నాయి. లోపలి కార్కు పొడైపోయింది. ఆ రోజు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత మరో ఘోరం బయటపడింది. చొక్కాల కోసం ఒక కంపెనీ తయారుచేస్తున్న కార్కు దిమ్మల్లో, నిబంధన ప్రకారం బరువు తూగడం కోసం ఇనప కడ్డీలు పెట్టారు! తేలడానికి వేసుకునే చొక్కాలో ఇనుము! వాటిని నమ్మి పిల్లలకి తొడగబోయే తల్లుల్ని ఎవరూ తలుచుకోలేదు కాబోలు.

అందుకే బజార్లో చీర అంచు రెండుసార్లు తిప్పి చూసే మనం, తేలే చొక్కాని నాలుగుసార్లు తిప్పి చూడాలి.

కార్కు తర్వాత వచ్చిన సరుకు మనకి బాగా తెలిసిందే, బూరుగు దూది. మన దిండ్లలో కూరే దూదే. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనంలాంటి నునుపు ఉంటుంది. అందుకని నీరు తొందరగా పట్టదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఓడల్లో ఈ దూది చొక్కాలు వచ్చాయి. సంచీ చిరిగితే మాత్రం అదీ తడిసి బరువెక్కుతుంది. ఆ తర్వాత రబ్బరు నురుగులూ, గాలి ఊదే చొక్కాలూ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం వాళ్లు ఎద మీద ఉబ్బి కనిపించే చొక్కా వేసుకుని, దానికి మే వెస్ట్ అని హాలీవుడ్ నటి పేరు పెట్టుకున్నారు. మగవాళ్ల సరసం యుద్ధంలో కూడా ఊరుకోదు!

పిల్లలు చేతులకి తొడుక్కునే గాలి రెక్కల వెనక మాత్రం ఒక తండ్రి బెంగ ఉంది. జర్మనీలో హాంబర్గుకి చెందిన బెర్న్‌హార్డ్ మార్క్‌విట్జ్ కూతురు చిన్నప్పుడు నీటికుంటలో పడి చావుతప్పి బయటపడింది. ఆ భయమే అతనిచేత ఈ రెక్కల్ని చేయించింది. 1964లో అవి బజారుకి వచ్చాయి.

ఇక స్నార్కెలింగ్ చొక్కా దగ్గరికి వద్దాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓడలో ఇచ్చే లైఫ్ జాకెట్ పని, స్పృహ తప్పినా మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం పైకి ఉంచడం. మనమేమో ముఖం నీళ్లలో పెట్టి బోర్లా చూడాలి. మనం బోర్లా పడుకుంటామంటే అది వెల్లకిలా తిప్పుతానంటుంది. అత్తాకోడళ్ల పేచీ! అందుకే స్నార్కెలింగ్ కోసం వేరే చొక్కా వచ్చింది. మెడ చుట్టూ, రొమ్ము మీదా పల్చటి సంచీ, ఊదడానికి చిన్న గొట్టం, పైకి జారిపోకుండా కాళ్ల మధ్యనుంచి ఒక పట్టీ. కాస్త గాలి ఊదుకుంటే హాయిగా బోర్లా తేలుతూ చూడొచ్చు. అలసట వస్తే మరికాస్త ఊదుకుని, గొట్టం తీసేసి, తల పైకెత్తి విశ్రాంతి తీసుకోవచ్చు. కానీ స్పృహ తప్పితే ఇది ముఖం పైకి తిప్పుతుందన్న హామీ లేదు. కనుక పక్కన తోడు మనిషి తప్పనిసరి.

నిజానికి ఉప్పునీరు మనకి చుట్టమే. గుండెనిండా గాలి పీలిస్తే చాలామంది తేలతారు. ఒంట్లో కొవ్వు కాస్త ఎక్కువ కాబట్టి మగవాళ్లకంటే ఆడవాళ్లు తేలిగ్గా తేలతారు. మనం దిగులుపడే ఆ కాస్త కండపుష్టి అక్కరకొచ్చే చోటు లోకంలో అదొక్కటేనేమో! ముంచేది బరువు కాదు, కంగారు. గొట్టంలోకి నీళ్లు వస్తాయి, ఊపిరి ఎగబోస్తుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు. హవాయిలో మునిగి చనిపోయే యాత్రికుల్లో స్నార్కెలింగ్ చేస్తూ పోయినవాళ్లే ఎక్కువ. అరుపూ కేకా లేకుండా, పక్కవాళ్లకి తెలియకుండానే జరిగిపోతాయవి. గొట్టంలోంచి గాలి లాగడం కష్టమైనకొద్దీ ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చునని అక్కడి పరిశోధకులు అంటున్నారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరుని అడగడం మంచిది. ఆయాసం అనిపించిన క్షణాన గొట్టం తీసి, వెల్లకిలా తిరిగి, చెయ్యెత్తి పిలవాలి. అందుకు కావలసిన ఆ రెండు నిమిషాల వ్యవధినే తేలే చొక్కా ఇస్తుంది. అది ఈతనివ్వదు, వ్యవధినిస్తుంది.

కాబట్టి దిగేముందు చొక్కాలో గాలి ఊది, కాసేపు చూడండి, ఎక్కడైనా బుస్సుమంటోందేమో. పట్టీలు లాగి చూడండి. నడుములోతు నీళ్లలో ముందు తేలి చూడండి. పిల్లల గాలి రెక్కలూ, బీచిలో అమ్మే బొమ్మ ట్యూబులూ ఈతకొలనులో ఆటకే గాని సముద్రానికి కాదు. గాలి వాటిని ఎటు కొట్టుకుపోతుందో చెప్పలేం.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనే రాష్ట్రం ఉంది. పగడాల సముద్రానికి పెట్టింది పేరు. పెద్ద వయసువాళ్లూ, జబ్బు ఉన్నవాళ్లూ, ఈత సరిగ్గా రానివాళ్లూ స్నార్కెలింగ్‌కి దిగితే తేలే సాధనం దగ్గరుండాలని, కాపలావాళ్లు గుర్తుపట్టేందుకు వేరే రంగు సామాను వాడాలని అక్కడ నియమాలు పెట్టారు. అది అవమానం కాదు, "ఈమెను ఒక కంట కనిపెట్టి ఉండండి" అని చెప్పే బొట్టులాంటి గుర్తు.

కొమినియస్ బెండు కట్టుకున్నాడు, ఫ్రీమన్ కార్కు తొడుక్కున్నాడు. ఆనాడు గట్టుమీద చొక్కాకి కాపలా కాసిన చెల్లెలు ఈనాడు తనకంటూ ఒక చొక్కా అడిగి తొడుక్కుంటే తప్పేముంది? అడగండి, తిప్పి చూడండి, తొడుక్కోండి. ఆ తర్వాత ముఖం నీళ్లలో పెట్టి ఆ చేపల్ని తనివితీరా చూడండి. సొరకాయలు కోసేవాళ్లు ఎలాగూ ఒడ్డునే ఉంటారు!