కాలవ గట్టు మీద క్లౌ దొర



బకింగ్‌హామ్ కాలవ అంటే ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. అందులో మూడు నాలుగు మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని తవ్వించింది ఒక మిషనరీ అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. గల్ఫ్‌లో సైట్ల మీద బతికే మనం తెలుసుకోవాల్సిన చరిత్ర ఇది.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో పెద్ద కరువు. మన పెద్దలు దాన్నే ధాత కరువు అన్నారు. లక్షల మంది ఆకలికి, కలరాకు పోయారు. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మగ మనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించేశాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. అది తిని ఎండలో మట్టి తట్ట మోయాలి. మట్టి పని చేసినవాళ్ళకు ఆ లెక్క ఏంటో వేరే చెప్పాలా?

అప్పటికి ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. 1866లో వచ్చాడు. ఆయనకంటే ముందే సువార్త విని, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ తనవాళ్ళకు చెప్పినవాడు మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య. అందుకే సంఘంలో ఎక్కువమంది మాదిగ పేటల వాళ్ళే. కరువు ముందు తగిలింది వాళ్ళకే.

క్లౌ దొర దేవుని పనికి రాకముందు మిన్నెసోటాలో సర్వే పని చేశాడు. కొలతలు తెలిసిన మనిషి. అందుకే ధైర్యంగా కాలవ కాంట్రాక్టు పట్టాడు. క్యాంపు వేసి అక్కడే ఉన్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పొద్దున పని చూసిన మనిషే, కూలీలు అలిసి కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని మాట్లాడేవాడు. పని చేయించేవాడు, మంచిచెడ్డలు అడిగేవాడు ఒక్కడే అయ్యాడు.

మేము ఆగి ఆలోచించింది దీని తర్వాతి సంగతి గురించి. కూలీల్లో చాలామంది బాప్తిస్మం అడిగారు. దొర ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, రేపు కరువు పోయాక వాళ్ళ మనసు నిలుస్తుందో లేదో చూడాలని ఆపేశాడు. కరువు సాయం అయిపోయాకే తలుపు తెరిచాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది దొర కాదు, బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఇచ్చారు.

అన్నం పెట్టి మతం మార్చారనే మాట ఇప్పటికీ వింటాం. కొన్నిచోట్ల అలా జరిగి ఉండొచ్చు కూడా. కానీ ఇక్కడ అన్నం పెట్టిన రోజుల్లో తలుపు మూసి ఉంది. ఆ తేడా మరిచిపోకూడదు.

మన సంగతికి వద్దాం. కరోనా లాక్‌డౌన్‌లో క్యాంపుల్లో బియ్యం పంచేటప్పుడు, నువ్వు ఏ సంఘం, ఏ ఊరు అని అడిగి ఇచ్చినవాళ్ళను చూశాం. అడగకుండా గది గదికీ మోసుకెళ్ళి ఇచ్చినవాళ్ళనూ చూశాం. జనం ఇప్పటికీ తలుచుకునేది రెండోవాళ్ళనే.

మనలో మేస్త్రీలం, ఫోర్‌మ్యాన్లం చాలామందిమి ఉన్నాం. మన కింద పనిచేసే మనిషి బంగ్లాదేశీ కావచ్చు, నేపాలీ కావచ్చు. వాడు వారమంతా చూసేది మన ముఖమే. శుక్రవారం ఆరాధనలో మనం పాడే పాట వాడికి వినబడదు. ఎండలో కళ్ళు తిరిగి కూలబడినప్పుడు నీళ్ళు ఇచ్చామా, కసిరామా అన్నదే వాడికి తెలిసేది.

ఈ శుక్రవారం ఆరాధన అయ్యాక, మీ క్యాంపులో మంచం పట్టినవాడో, జీతం అందనివాడో ఉంటే వెళ్ళి ఒక గంట కూర్చోండి. ప్రార్థన చేయమంటే చేయండి. అడక్కపోతే టీ తాగి, ఇంటి కబుర్లు విని రండి. మేమూ వెళ్తున్నాం.